ఖాళీ సీటు

బౌబజార్‌లో జనానికి తెలియకుండా ఆ సాయంత్రం తీసిన ఫొటోలను, చీకటి పడ్డాక మా గది గుమ్మంలో కూర్చుని నా స్నేహితురాలు దేబోలీనాకు చూపిస్తున్నాను. ఒకదాంట్లో మా బాబూజీ ఉన్నాడు. మసకవెలుగులో ఖాళీ చేతిరిక్షా లాక్కుంటూ వెళ్తున్నాడు.

"మీ బాబూజీ హీరోలా ఉన్నాడే. కాస్త నవ్వమనాల్సింది," అంది దేబోలీనా.

నాకు నవ్వు రాలేదు. ఖాళీ బండితో బాబూజీ నిటారుగా నడుస్తాడు. మనిషి ఎక్కితేనే నడుము వంచి, మెడ ముందుకు చాచి లాగుతాడు. ఈ ఫొటోలో సీటు మీద ఎవరూ లేరు, కానీ ఆయన మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. గుండె బాగాలేదు, బరువులు లాగొద్దని డాక్టరు మొన్ననే చెప్పాడు.

వెంటనే ఫోన్ చేశాను. "బాబూజీ, ఎక్కడున్నావు?"

"వస్తున్నా. ఒక ముసలావిడ మన గల్లీకేనంది. చూస్తే బక్కప్రాణం, లాగుతుంటే మాత్రం ఊపిరాడట్లేదు."

"ఆవిణ్ని దింపెయ్ బాబూజీ."

"చీకట్లో ముసలిమనిషిని దించెయ్యాలా? చదువుకున్నదానివి, అనాల్సిన మాటేనా అది?"

ఫోన్ పెట్టేశాడు. గల్లీ మొదట్లో రిక్షా గంట మోగి ఆగింది. చాలాసేపటికి మళ్లీ మోగింది, ఈసారి దగ్గరగా.

బాబూజీ రొప్పుతూ మా గుమ్మం ముందు బండి కర్రలు నేలకు దించాడు. సీటు ఖాళీగా ఉంది. ఆయన మర్యాదగా చెయ్యి అందించి నిలబడ్డాడు. సీటు కిర్రుమని కాస్త పైకి లేచింది.

"పక్కకు జరగమ్మా," అన్నాడు నాతో. "ఆవిడకు దారివ్వు."