కొద్దిపాటి అసౌకర్యం

ముక్కుసూటి మనిషినని నలుగురిలో చెప్పుకుని తిరిగేవాణ్ణి. డాక్టరమ్మ స్కాను తీయించి, నా ముక్కు లోపలి గోడే వంకరని తేల్చింది. ఆపరేషను చేసి సరిచేసింది. రక్తం కారకుండా రెండు రంధ్రాల్లోనూ స్పాంజి కూరింది.

వెనకటి గాజుగుడ్డలా అది లాగి తీసేది కాదు. కొన్నాళ్ళకు తనంతట తానే కరిగిపోతుంది. ఆ సంగతంతా వివరిస్తూ నర్సు ఒక అచ్చుకాగితం చేతికిచ్చింది. నేను దాన్ని తెరిచి కూడా చూడకుండా దిండు కింద తోసేశాను.

తెల్లారేసరికి, స్పాంజి కంటే ముందు నా ధైర్యం కరిగిపోయింది. నోటితో గాలి పీల్చీ పీల్చీ నాలుక అట్టముక్కయింది. తల బరువెక్కింది. ఇది ఈ జన్మలో కరగదని నాకు గట్టిగా అనిపించింది. ముక్కుతూ మూలుగుతూ మంచం మీద దొర్లుతున్నాను.

పక్క మంచం మీద ఒక బస్సు డ్రైవరు. అదే ఆపరేషను, అదే స్పాంజి. ఆయన మాత్రం ఆ కాగితాన్ని పాఠంలా పైకి చదువుకుంటున్నాడు.

“‘కొద్దిపాటి అసౌకర్యం ఉండవచ్చు, కంగారు పడకండి’ అని రాశాడు సార్. ఎంత నిమ్మళంగా చెప్పాడో చూడండి. తను పెట్టించుకున్నవాడే ఇలా రాయగలడు.”

“వాడి మొహం. వాడి ముక్కులో కూరితే తెలిసేది, కొద్దిపాటో కొండంతో,” అన్నాను. నా గొంతు నాకే డబ్బాలోంచి వచ్చినట్టు వినిపించింది.

తోడుగా కూర్చున్న మా ఆవిడ ఫక్కున నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. నోరు మెదపొద్దని కళ్ళతోనే బతిమాలాను.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మని పట్టుకుని స్పాంజి తీసెయ్యమని పోరు పెట్టాను. గాయం మానకముందే లాగితే మళ్ళీ రక్తం మొదలవుతుందంది. అయినా నేను వినలేదు.

“ఇది మీకు నేను చెప్పాలా?” అని ఆమె నావంక అదోలా చూసింది.

అప్పుడు డ్రైవరు లేచి కూర్చున్నాడు. కాగితం మడిచి పక్కన పెట్టేశాడు.

“సారుకి తీస్తే నాక్కూడా తీసెయ్యండమ్మా. చదువుకున్నాయన, ఊరికే భయపడరు కదా.”

నా పిరికితనానికి నేను మంచాన పడి ఉంటే సరే, వారం తిరగ్గానే స్టీరింగు పట్టాల్సిన ఆ మనిషికి రక్తం కారితే ఆ పాపం నాదే. సిగ్గుతో చచ్చిపోయాను. వద్దులెండి, ఉంచేద్దాం అన్నాను. ఆ కాగితం ఇంకోసారి చదవమని డ్రైవరుని నేనే అడిగాను. ఆయన మొదటినుంచీ చదివాడు. నేను బుద్ధిగా తలూపుతూ విన్నాను.

పదో రోజున పరీక్షకి వెళ్ళినప్పుడు ఇద్దరం మళ్ళీ కలిశాం. డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసింది. స్పాంజి జాడ కూడా లేదు. గాలి రెండు వైపులా హాయిగా ఆడుతోంది.

డ్రైవరు సంతోషం పట్టలేకపోయాడు. ఆ కాగితం రాసినాయనకి ఉత్తరం పంపాల్సిందేనన్నాడు. కాగితం అడుగున స్పాంజి కంపెనీ చిరునామా ఉంది. తన రాత కోడిగీతలని, నన్ను రాసిపెట్టమన్నాడు. వరండాలో బల్ల మీద కూర్చుని ఆయన చెబుతూ పోయాడు.

“అయ్యా, మీ మాట పట్టుకునే నిలబడ్డాను. మా పక్క మంచం సారు మాత్రం పాపం చాలా భయపడ్డారు. అలాంటివాళ్ళ కోసం ఇంకాస్త పెద్ద అక్షరాలతో వెయ్యండి.”

చెప్పింది చెప్పినట్టు రాశాను. కవరు మీద ‘కాగితం రాసినవారికి’ అని కూడా నేనే రాశాను. ఆయన తీసుకెళ్ళి పోస్టు చేశాడు.

సోమవారం సెలవు ముగించుకుని నేను ఆఫీసుకి వెళ్ళేసరికి, నా చేత్తో రాసిన ఆ కవరు, చేరాల్సిన చోటికే చేరి, నా బల్ల మీదే ఉంది.