భోజనాల వేళ దాకా

మూడు రోజులుగా ఇనుము పోతపోసే ఫౌండ్రీ వెనక గుమ్మం దగ్గర తచ్చాడుతున్న ముసలివాడు ఆ ఉదయం లోపలికే వచ్చేశాడు.

ఫోర్‌మన్ ఓర్విల్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఇప్పటికే రెండుసార్లు తరిమాడు. యూనియన్ వాళ్ళు పంపిన మనిషేమోనని అతని అనుమానం.

అప్పుడే సాన పనివాడు డెల్బర్ట్ అరిగిన సానచక్రం ఊడదీసి, దానికి రెట్టింపు వ్యాసమున్న కొత్త చక్రం బిగించాడు.

ముసలివాడు చక్రం వంక చూడలేదు. వెనకనున్న బెల్టు వంక చూశాడు.

"ఇంకా చిన్న పుల్లీ మీదే ఉంది బాబూ," అన్నాడు.

అక్కడ పనిచేసే అందరికీ తెలిసిన సంగతే. చక్రం అరిగి చిన్నదయ్యేకొద్దీ, అన్ని చుట్లే తిరిగినా దాని అంచు నెమ్మదిస్తుంది. ఇనుము తెగదు. అందుకని బెల్టును చక్రం ఇరుసుకున్న చిన్న పుల్లీ మీదికి మార్చి చుట్లు పెంచుతారు. కొత్త చక్రం ఎక్కించిన రోజు మళ్ళీ పెద్ద పుల్లీ మీదికి తేవాలి. తేకపోతే చుట్లు అవే, అంచు మాత్రం రెండింతల వేగంతో పరుగెడుతుంది. ఏ చక్రమూ దానికి తట్టుకోదు.

మార్చాల్సింది ఫోర్‌మన్. ఓర్విల్ మరిచిపోయాడు.

ముసలివాడి మాట పూర్తికాకముందే అతనికి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకే ముఖం వేడెక్కింది. పదిమంది పని ఆపి చూస్తున్నారు. 'నిజమే' అన్న మాట గొంతుదాకా వచ్చి, అక్కడే కోపంగా మారిపోయింది.

"నిన్నెప్పుడు ఫోర్‌మన్‌ని చేశారు తాతా? నాకు చెప్పనేలేదే."

ఎవరో నవ్వారు.

ముసలివాడు వెళ్ళి స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాడు. బెల్టు మార్చందే కదలనన్నాడు. చక్రం ముందు నిలబడొద్దని డెల్బర్ట్‌ను బతిమాలాడు.

ఓర్విల్ అతని కాలరు పట్టి గుమ్మందాకా ఈడ్చుకెళ్ళాడు. అతను పెనుగులాడలేదు. ఆ ఒళ్ళు చేతికి ఎంత తేలిగ్గా తగిలిందంటే, ఓర్విల్‌కు తన మీదే అసహ్యం వేసింది. అందుకే ఇంకాస్త గట్టిగా తోశాడు.

తిరిగొచ్చేసరికి డెల్బర్ట్ బెల్టు వంకే చూస్తున్నాడు.

"బాస్, ఓసారి మార్చి చూద్దామా?"

"ఆ పిచ్చోడి మాట వింటావా, నా మాట వింటావా?"

కొత్త చక్రాన్ని మొదట ఒక్క నిమిషం ఊరికే తిప్పుతారు. ఆ నిమిషం అందరూ పక్కకు తప్పుకోవడం ఆనవాయితీ. ఆ రోజు ఓర్విల్ ఆ నిమిషం కూడా ఇవ్వలేదు. ఇస్తే ముసలివాడిది నిజమని ఒప్పుకున్నట్టే అనిపించింది.

భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు తనే బెల్టు మార్చేస్తే సరిపోతుందనుకున్నాడు. గోడ గడియారం వంక చూశాడు. ఇంకా గంటన్నర ఉంది.

చక్రం తిరుగుతోంది. ప్రతి అయిదు నిమిషాలకూ అతను గడియారం చూశాడు. ఏమీ కాలేదు. ఏమీ కానందుకు ముసలివాడి మీద కసి పెరిగింది.

భోజనాలకు ఇరవై నిమిషాలుందనగా చక్రం పగిలింది.

డెల్బర్ట్ ఆసుపత్రిదాకా చేరలేదు.

తొమ్మిదో రోజున ఓర్విల్ ముసలివాణ్ణి వెతుక్కుంటూ రైలు పట్టాల పక్కన ఓ అద్దెగదుల ఇంటికి వెళ్ళాడు. ఏం చెప్పాలో తెలియదు. నోటితో 'నిజమే' అని ఒక్కసారి అనాలి, అంతే.

ఫౌండ్రీ ఫోర్‌మన్‌నని చెప్పాక ఆ ఇంటావిడ అతన్ని లోపలికి రమ్మనలేదు. డెల్బర్ట్ సంగతి విన్న సాయంత్రమే ముసలాయన సంచి సర్దుకుని వెళ్ళిపోయాడని, ఎక్కడికో చెప్పలేదని అంది.

ఆయన ఇన్‌స్పెక్టరా అని అడిగాడు ఓర్విల్. ఇంజనీరేమోనని కూడా అన్నాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏ ఇంజనీరూ కాదు. నది అవతల ఫౌండ్రీలో నీలాగే ఫోర్‌మన్. ఒకరోజు బెల్టు మార్చడం మరిచిపోయాడు, ఆ రోజు చక్రం ముందు నిలబడింది ఆయన కొడుకే."