ఎదురుముల్లు

నసీమా గాలం కొక్కేనికి సన్నని రాగితీగ చుట్టి, నెమలి ఈక పోగులతో నీటిపురుగు ఒళ్లు కట్టింది. కడపలో చీరలకు జరీపని చేసిన వేళ్లవి. గల్ఫులోని బర్కాలో ఆమె పనిచేసే ఇంటి యజమాని ఏటా చలిదేశాలకు వెళ్లి ట్రౌట్ చేపలు పట్టేది ఈ ఉత్తుత్తి పురుగులతోనే.

"మా పాపకు నెలలు నిండినాయి, బాబా. కాన్పుకైనా పోయొస్తా. నా పాస్‌పోర్టు ఇయ్యండి."

"నేను చేపలకు వెళ్లొచ్చాక చూద్దాం" అన్నాడాయన, పోయినేడు అన్నట్టే.

మర్నాడు ఆమె పురుగుల డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక కొక్కేన్ని గుడ్డలో గుచ్చి లాగాడు. ఊడి రాలేదు. ఇంకొకటి లాగాడు. అదీ రాలేదు.

"మొన దగ్గరి ఎదురుముల్లు నొక్కడం మరిచిపోయావు, నసీమా." ఆయన కోప్పడలేదు. "నేను చేపను పట్టి, ఒక్కసారి చూసుకుని వదిలేస్తాను కదా. ముల్లుంటే దాని నోరు చీరుకుపోతుంది. పాపం, అది తిరిగి వెళ్లాలి."

నసీమా మరిచిపోలేదు. కావాలనే వదిలేసింది.

పట్టకారు అందుకుని, ఒక్కో ముల్లూ నొక్కసాగింది.