పూలజడ ఫొటో

"కదలకే!" వన్ టౌన్ స్టూడియోలో హనుమాయమ్మ, కూతురికీ వెనకున్న నిలువుటద్దానికీ మధ్య దూరి, పూలజడ పైన మెడ మీద లేస్తున్న ఉంగరాల జుట్టుని ఆముదంతో అణిచింది. అది మళ్లీ లేచింది. "అంతా మీ నాన్న వంశం పోలిక!"

కెమెరా పక్కన నిలబడ్డ భర్త రామలింగం ఎప్పటిలాగే నోరెత్తలేదు.

"అద్దంలో జడ కనపడాలి కదమ్మా," అన్నాడు ఫొటోగ్రాఫరు. "మీ మెడే కనపడుతోంది."

కూతురు వెనక్కి తిరిగి అద్దంలోకి చూసింది. "అమ్మా! నీ మెడ మీదా ఇవే ఉంగరాలు!"

హనుమాయమ్మ మెడ వెనక తడిమి చూసుకుంది. గబుక్కున కొంగు కప్పుకుంది.

"ఆ అద్దం తీసెయ్యండి. పిల్ల మొహం పడితే చాలు."

"ఉంచండి," అన్నాడు రామలింగం, పెళ్లయ్యాక తొలిసారి గట్టిగా. "మా వంశం పరువు అందులోనే ఉంది."