ఫొటో ముందు పళ్లెం

టీవీవాళ్లు లైవు నాలుగింటికన్నారు. మూడింటికల్లా గవరపాలెంలోని ఆ ఒంటిగది ఇల్లు లైట్లతో, వైర్లతో నిండిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలన్న ఇంగితం ఒక్కరికీ లేదు.

సన్యాసిరావు అటక మీద మూలన కూర్చుని అంతా చూస్తున్నాడు. కింద ఎవరూ తలెత్తలేదు. ఎత్తరని అతనికి తెలుసు. ఈ రెండు నెలల్లో అదీ అలవాటైపోయింది.

ఎదురు గోడకి తన ఫొటో, దానికి దండ. ఫొటో ముందు పళ్లెంలో అన్నం, వంకాయ కూర, చిన్న బెల్లం ముక్క. అన్నీ అతనికి ఇష్టమైనవే. పైడితల్లి రోజూ అలాగే వండి పెడుతుంది. కాసేపుంచి కాకులకి వేస్తానంటుంది. "మొగుడంటే ఎంత పేనమో!" అని ఇరుగుపొరుగు ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు.

గోనెసంచుల మిల్లు మూతపడ్డాక పదకొండేళ్లు సన్యాసిరావు పని కోసం తిరగని చోటు లేదు. మార్కెట్లో బెల్లం దిమ్మలు మోస్తానన్నాడు. నీ వల్ల కాదు పొమ్మన్నారు. వాచ్‌మన్‌గా ఉంటానన్నాడు. ఇన్నేళ్లూ ఏం చేశావని అడిగారు. పని లేదంటే, అయితే నీలోనే ఏదో లోపముందన్నట్టు చూశారు.

అలాంటి ఒక వానరోజున శారదా నది గట్టు మీద చొక్కా, చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. నీళ్లు గొంతు దాకా వచ్చినప్పుడు వేసిన చలి ఒక్కటే అతనికి బాగా గుర్తు. మర్నాడు పొద్దుగూకాక ఇల్లు చేరేసరికి గోడ మీద దండ ఉంది. టీవీలో తన పేరుంది.

ఆ పేరు ముందుగా ఎత్తింది త్రినాధరావు. రోజూ సాయంత్రం చర్చల్లో కూర్చునే విశ్లేషకుడు. "ఆ చొక్కా జేబులో ఏం దొరికిందో తెలుసా? మూతపడ్డ మిల్లు గుర్తింపు కార్డు! పదకొండేళ్లుగా దాచుకున్నాడండీ!" అని బల్ల గుద్దాడు. పక్క కుర్చీలో ఉండే శ్రీదేవి, "శవం దొరకందే సాయం లేదంటున్నారు. ఆకలికి కూడా సర్టిఫికెట్టు కావాలా?" అని నిలదీసింది.

ఇద్దరూ పట్టు వదల్లేదు. ఏళ్ల తరబడి పని లేనివాళ్ల గురించి అంత బాగా మాట్లాడినవాళ్లు సన్యాసిరావుకి ఎప్పుడూ తగల్లేదు. వింటుంటే అతనికే ఏడుపొచ్చేది. పదకొండేళ్లలో ఒక్కడూ పేరైనా అడగలేదు. ఇప్పుడు ఊరూవాడా ఆ పేరే.

ఇవాళ దాని ఫలితం వచ్చింది. పైడితల్లికి సర్కారు హాస్టల్లో వంటపని. ఆర్డరు కాగితం త్రినాధరావే కెమెరా ముందు ఇస్తాడు. అది చేతిలో పడితే పిల్ల కడుపు నిండుతుంది, చదువు సాగుతుంది. పడేదాకా ఏ ఆటంకమూ రాకూడదని సన్యాసిరావు ఆరాటం. తన గురించి కోరుకోడానికి అతనికి ఇంకేం మిగల్లేదు.

లైవు మొదలైంది.

"అమ్మా, మీ ఆయన్ని తలుచుకుంటే ఏమనిపిస్తుంది?" అన్నాడు త్రినాధరావు.

"ఏటనిపిత్తాది బాబూ," అంది పైడితల్లి తల దించుకుని. "ఆయన ఇంట్లోనే ఉన్నట్టుంటాది."

బొట్టు లేని ఆ నుదురు చూడలేక సన్యాసిరావు మొహం తిప్పుకున్నాడు. ఆమె గాజులు తీయించిన రోజున వద్దని అరుద్దామనుకున్నాడు. అరవలేకపోయాడు.

అప్పుడు ఆరేళ్ల కూతురు లావణ్య తల్లి కొంగు వదిలి అటక వైపు వేలు చూపించింది.

"నాన అక్కడున్నాడు."

గదిలో అందరూ పిల్ల వైపు తిరిగారు. పిల్ల సన్యాసిరావు కళ్లలోకి చూసి నవ్వింది. పైనుంచి కాస్త మట్టి రాలి త్రినాధరావు భుజం మీద పడింది. అతను ఉలిక్కిపడి తలెత్తాడు. చీకట్లో ఏమీ కనబడలేదు. కెమెరా పట్టుకున్నవాడు మాత్రం గోడకి అంటుకుపోయాడు.

పైడితల్లి పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

"దానికి అలగే కనబడతన్నాడు బాబూ. నాన మీద బెంగెట్టీసుకుంది."

త్రినాధరావు కళ్లు తడిశాయి. కెమెరా కోసం కాదు, నిజంగానే తడిశాయి.

"చూస్తున్నారా? పదకొండేళ్లు మనలో ఎవరికీ కనబడని మనిషి ఈ పసిదానికి కనబడుతున్నాడు," అన్నాడు. కాగితం పైడితల్లి చేతిలో పెట్టేశాడు.

అటక మీద సన్యాసిరావు కళ్లు మూసుకున్నాడు. అమ్మయ్య అనుకున్నాడు.

వెళ్లే ముందు త్రినాధరావు ఫొటో దగ్గర ఆగి దండం పెట్టాడు.

"నిన్ను మర్చిపోనివ్వం సన్యాసిరావూ. ఏటా ఇదే ఇంటికొచ్చి నీ కథ చెబుతాం."

ఏటా అన్న మాటకి సన్యాసిరావు ఒళ్లు గగుర్పొడిచింది. అయినా పైనుంచే అతనికి చేతులు జోడించాడు.

బళ్లు వెళ్లిపోయాయి. ఇరుగూ పొరుగూ ఎవరిళ్లకి వాళ్లు వెళ్లారు. పిల్ల నిద్రపోయింది. పైడితల్లి కిటికీ మూసి, తలుపు గడియ పెట్టింది. ఆర్డరు కాగితం బియ్యం డబ్బా కింద దాచి, ఫొటో ముందు పళ్లెం చేతిలోకి తీసుకుంది.

స్టూలెక్కి దాన్ని అటక మీదికి అందిస్తూ, "బేగి తినీయ్, రేపట్నుంచి నాను డ్యూటీకెల్తే సాయంత్రం దాకా నువ్వు కదలకూడదు, దగ్గొత్తే తువ్వాలు నోట్లో కుక్కుకో," అంది.