అక్క గొంతుకు తగిన కేబుల్

"ఈ సన్నపాటి కేబుల్ వేస్తే సగం మాట దారిలోనే చచ్చిపోతుందండీ!" అన్నాడు ఫోన్ల మెకానిక్.

"మిగతా సగం కూడా చచ్చిపోయే కేబుల్ లేదా?" అన్నాడు తమ్ముడుగారు.

అదో గొడుగుల కంపెనీ. కింది అంతస్తులో అక్క, పైన తమ్ముడు. కింది ఫోన్లన్నిటినీ కలిపే పెట్టె ఒకటి, పైవాటికి ఇంకొకటి. ఇన్నాళ్లూ ఆ రెంటికీ మాటల్లేవు. వాటిని కలిపే కేబుల్ అక్క ఇవాళ వేయిస్తోంది. అక్కకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు పాపం. సెల్‌ఫోన్ అంటే చిరాకు, ముట్టుకోదు. అందుకని తమ్ముడు రోజూ భోంచేశాక బల్ల మీద కాళ్లు బారచాపుకుని హాయిగా కునుకు తీసేవాడు. ఇప్పుడీ కేబుల్ పడిందంటే ఆవిడ ఒక్క మీట నొక్కితే చాలు, ఆ కునుకు కాస్తా గోవిందా!

మెకానిక్ కేబుల్ చుట్టలు నేల మీద పరిచాడు. "ఈ లావుపాటిది చూడండి. లోపల రేకు చుట్టి ఉంటుంది. పక్కన కరెంటు వైర్లున్నా మాట చెక్కుచెదరదు. మీ అక్కగారు గుసగుసలాడినా మీ చెవిలో చెప్పినట్టే ఉంటుంది."

తమ్ముడు గబుక్కున చెవులు మూసుకున్నాడు. "బాబ్బాబు, ముందు దాన్ని సంచీలో పెట్టెయ్!"

"పోనీ ఈ నీలం రంగుది? మామూలుదే గానీ నిక్షేపంలా పనిచేస్తుంది."

"నిక్షేపంలా అక్కర్లేదయ్యా. ఆ మూల పడేశావే, అదేమిటి?"

"అదా? ఎక్కడో పీకేసిన పాత సరుకు. సామాన్లు కట్టుకోవడానికి తాడులా పనికొస్తుందని తెచ్చుకున్నా."

"అదే వెయ్యి. ఏసీ వైర్లున్నాయి చూడు, వాటికి ఆనించుకుంటూ తీసుకెళ్లు."

మెకానిక్ లబోదిబోమన్నాడు. "నా పనికి ఇప్పటిదాకా వంక పెట్టినవాళ్లు లేరు సార్! రేపు మీ అక్కగారు నన్ను పట్టుకుని కడిగేస్తే?"

"ఆవిడ సంగతి నేను చూసుకుంటా. తమ్ముడంటే అక్కకి పంచప్రాణాలు. నువ్వు కానివ్వు."

పళ్లు నూరుకుంటూనే మెకానిక్ కానిచ్చాడు. కాసేపటికి ఫోన్ మోగింది.

"త... ముడూ... కర్ర పిడు... ఆర్డ... ఏమైం...?"

కర్ర పిడుల ఆర్డరు సంగతి అడుగుతోందని తమ్ముడికి శుభ్రంగా అర్థమైంది. అయినా గొంతు చించుకున్నాడు. "అక్కా! ఒక్క ముక్క వినపడి చావట్లేదే! నువ్వేనా? నీ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుంటోందే అక్కా!"

మరీ ఎక్కువైందేమో అనుకుని మెకానిక్ వంక చూశాడు. మెకానిక్ తల పట్టుకుని కూర్చున్నాడు. అవతల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత "అయ్యో... నా బంగా..." అని వినిపించి లైను తెగిపోయింది.

"అబ్బ, ఏం పనితనమయ్యా! నీ చేతికి కడియం తొడగాలి!" అని మెకానిక్ భుజం తట్టి సాగనంపాడు తమ్ముడు. తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో వాలి, బల్ల మీద కాళ్లు పెట్టుకున్నాడు. గండం గడిచిందన్న ఆనందంలో నిద్ర ఇట్టే పట్టేసింది.

ఉన్నట్టుండి కుర్చీ గాల్లోకి లేచింది. ఉలిక్కిపడి కళ్లు తెరిస్తే ముందొకడూ వెనకొకడూ, గోడౌన్ హమాలీలు!

"ఏయ్, ఏంట్రా ఇది? నన్నెక్కడికి మోసుకుపోతున్నారు?"

"కదలకండి సార్, మెట్లొచ్చాయి," అన్నాడు ముందున్నవాడు. "ఫోన్లో తన మాట అందక తమ్ముడు బెంగపెట్టుకున్నాడని అమ్మగారు ఒకటే ఏడుపు, ఇవాళ్టి నుంచి మీ కుర్చీ ఆవిడ కుర్చీ పక్కనే వెయ్యమన్నారు!"