తాళాలగుత్తికి బదులు వైరు

కొత్తకోడలికి తాళాలగుత్తి ఇచ్చే రోజులు పోయి, వంటింటి వైరు ఇచ్చే రోజులొచ్చాయి. పొయ్యిని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డును కోడలు తన కంప్యూటరుకు కలిపిందంటే, ఆ పూట నుంచి పొయ్యి ఆమె మాటే వింటుంది. అత్తగారి మాట వినదు.

అత్తగారు హైమవతి ఇచ్చిన వైరును ప్రణతి పొయ్యికీ కంప్యూటరుకీ గుచ్చింది. బోర్డు మీద దీపం వెలిగింది గానీ, కంప్యూటరు దాన్ని గుర్తుపట్టలేదు. కరెంటు తప్ప కబురు మొయ్యని ఛార్జింగు వైరు అది. రెండూ మోసే వైరు ప్రణతి సంచీలోనే ఉంది. తలెత్తి చూస్తే, హైమవతి కొంగుతో పొయ్యిగట్టు తుడిచిందే తుడుస్తోంది.

"ఇవాళ కలవట్లేదు అత్తయ్యా. వంట మీరే కానివ్వండి, రేపు చూద్దాం," అంది ప్రణతి, సంచీ జిప్పు మూస్తూ.

హైమవతి పొయ్యి మీద పప్పు ఉడికించింది. తర్వాత మెల్లగా అడిగింది.

"రేపు కూడా ఈ వైరే తేనా అమ్మాయ్?"

"అదే తెండి అత్తయ్యా."